గోరు గుర్తు ఒక్కటే చాలదు

నల్లమల కింది పొలాల్లోనో శేషాచలం అంచు పల్లెల్లోనో తెల్లారేసరికి బురదలో పెద్ద అడుగొకటి కనపడిందంటే, పొద్దెక్కేలోపే అది వాట్సాప్‌లో చిరుతైపోతుంది. అటవీ సిబ్బంది వచ్చి చూశాక ఊరకుక్కదేనని తేలిన సందర్భాలకు కొదవలేదు.

అపోహ: గోళ్లు పడితే కుక్క, పడకపోతే చిరుత.

వాస్తవం: ఇందులో నిజం సగమే. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కుక్కకు ఆ వీల్లేదు. కానీ జారే బురదలో పట్టుకోసం చిరుత కూడా గోళ్లు దించుతుంది. గోళ్లు అరిగిన కుక్క గట్టినేల మీద గోరు గుర్తే వదలకపోవచ్చు. దుమ్ములగొండి సంగతి మరీ చిత్రం. వరసకు అది పిల్లులకే దగ్గర, గోళ్లు మాత్రం కుక్కలాగే పడతాయి!

అందుకే ముందు చూడాల్సింది వేళ్ల వెనకుండే పెద్ద మెత్తను. వంగి చూడండి. చిరుతదైతే దాని వెనక అంచున మూడు గుండ్రటి ఉబ్బులు వరసగా దిగి ఉంటాయి, ముందు అంచు మొనదేలకుండా వెడల్పుగా ఉంటుంది. కుక్క మెత్త చిన్నది, ముందుకు మొనదేలిన త్రికోణం. ఇక వేళ్లు. కుక్క నడిమి వేళ్లు రెండూ సమానంగా ముందుకొస్తాయి, మెత్తకీ వేళ్లకీ నడుమ మిగిలిన మట్టి మీద ఇంటూ గుర్తు గీయొచ్చు. చిరుతకైతే మన చేతి నడిమివేలిలా ఒక వేలు మిగతావాటిని దాటి ఉంటుంది. అది ఏ పక్కకుందో చూసి కుడికాలో ఎడమకాలో చెప్పేస్తారు తెలిసినవాళ్లు.

అపోహ: ఇంత పెద్ద అడుగు కుక్కది కానేకాదు.

వాస్తవం: పెద్ద అల్సేషన్ అడుగూ చిరుత అడుగూ కొలతలో ఇంచుమించు ఒకటే. పైగా మెత్తటి బురదలో వేళ్లు విచ్చుకుని ఏ అడుగైనా పెద్దదిగానే కనిపిస్తుంది. ఎదిగిన పెద్దపులిది వేరే లెక్క, 12 సెంటీమీటర్లు దాటడం మామూలే.

అపోహ: ఐదు వేళ్లుంటే పులి.

వాస్తవం: కుక్కకైనా పులికైనా ముందుకాలి ఐదోవేలు పైనెక్కడో ఉంటుంది, నేలకు తగలదు. పడేవి నాలుగే. ఐదూ పడ్డాయంటే ఎలుగుబంటి కావచ్చు.

అపోహ: అడుగు చూసి ఇది ఫలానా పులేనని చెప్పొచ్చు.

వాస్తవం: ఒకప్పుడు మన పులుల లెక్కంతా ఈ నమ్మకం మీదే నడిచింది. 1960ల్లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి మొదలుపెట్టిన పద్ధతి అది. అడుగు మీద గాజుపలక పెట్టి గీత గీసుకునేవారు. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా పడుతుందన్నది పక్కకు పోయింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులుండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి బయటపడింది. ఆ తర్వాతే దేశమంతటా కెమెరాలు పెట్టి చారలతో లెక్కించడం మొదలైంది.

కాబట్టి ఒక్క అడుగుతో తీర్పు చెప్పకండి, జాడ వెంట కొంతదూరం చూడండి. కుక్క అటూ ఇటూ వాసన చూస్తూ తిరుగుతుంది. చిరుత నింపాదిగా ఒక దారిన పోతుంది, వెనకకాలు తరచూ ముందుకాలి అడుగులోనే పడుతుంది. ఫోటో తీస్తే పక్కన అగ్గిపెట్టె పెట్టి నిట్టనిలువుగా పైనుంచి తీయండి. అటవీ సిబ్బంది వచ్చేదాకా జనం తొక్కకుండా అడుగు మీద ఓ తట్ట బోర్లించండి.