కాగితం మీద హక్కు, బడిలో మౌనం

ఏటా సెప్టెంబరు 18న ఇరాన్‌లో పర్షియన్ కవితా సాహిత్య దినోత్సవం జరుపుతారు. తబ్రీజ్ కవి షహ్రియార్ 1988లో కన్నుమూసిన రోజది. పర్షియన్ గజళ్లతో ఖ్యాతి గడించిన ఆయనను పల్లెపల్లెకూ చేర్చింది మాత్రం 'హైదర్ బాబాయా సలాం' అనే దీర్ఘకవిత. అది పర్షియన్ కవిత కాదు. తల్లి నేర్పిన అజేరీ తుర్కీలో రాసింది.

ఇరాన్ భాషా సమస్య సారాంశమంతా ఈ వైచిత్రిలోనే ఉంది. దేశాన్ని కలిపి ఉంచుతున్నది పర్షియనే అయినా, జనాభాలో దాదాపు సగం మందికి అది అమ్మ భాష కాదని అంచనా. వాయవ్యాన అజేరీ, పశ్చిమాన కుర్దిష్, కాస్పియన్ తీరాన గిలకీ, మాజందరానీ, జాగ్రోస్ కొండల్లో లూరీ, ఆగ్నేయాన బలూచీ, చమురు నిల్వల ఖుజిస్తాన్‌లో అరబిక్, ఈశాన్యాన తుర్క్‌మెన్ వినిపిస్తాయి. జనగణనలో మాతృభాష అడగరు కనుక లెక్కలన్నీ అంచనాలే.

1979 నాటి రాజ్యాంగం ఈ వైవిధ్యాన్ని గుర్తించకపోలేదు. 15వ అధికరణం ప్రకారం పర్షియన్ అధికార భాష. పాఠ్యపుస్తకాలు అందులోనే ఉండాలి. ప్రాంతీయ భాషలను పత్రికల్లో, ప్రసార సాధనాల్లో వాడుకోవచ్చు. బడుల్లో పర్షియన్‌తోపాటు వాటి సాహిత్యాన్నీ బోధించవచ్చు. చిక్కంతా ఆ 'వచ్చు'తోనే. అనుమతి ఉంది, నేర్పి తీరాలన్న బాధ్యత ఎవరికీ లేదు. రాష్ట్రాల రేడియో, టీవీలలో స్థానిక భాషలు వినిపిస్తున్నా, ప్రభుత్వ బడి గడప దాటి లోపలికి రాలేకపోయాయి.

ఈ సంకోచానికి చరిత్ర ఉంది. ఒకే జాతి, ఒకే భాష నినాదంతో రెజా షా పహ్లవీ (1925-41) బడుల్లో ఇతర భాషలను అణచివేశారు. సోవియట్ సేనల అండతో 1945-46లో తబ్రీజ్, మహాబాద్‌లలో ఏర్పడిన అజేరీ, కుర్దిష్ ప్రభుత్వాలు తమ భాషలను అధికార పీఠమెక్కించాయి. దాదాపు ఏడాదికే రెండూ కూలిపోయాయి. భాష అడిగితే దేశం చీలుతుందన్న భయం మాత్రం టెహ్రాన్‌ను వదల్లేదు.

2006 మేలో ఓ ప్రభుత్వ దినపత్రిక వేసిన కార్టూన్‌లో బొద్దింక నోట అజేరీ మాట పలికింది. తబ్రీజ్ సహా పలు పట్టణాలు భగ్గుమన్నాయి. పత్రికను నిలిపివేసి, కార్టూనిస్టును, సంపాదకుడిని జైలుకు పంపాల్సి వచ్చింది. సనందజ్‌లో పిల్లలకు కుర్దిష్ నేర్పిన జారా మొహమ్మదీకి జాతీయ భద్రత పేరిట తొలుత పదేళ్లు, అప్పీలులో ఐదేళ్ల శిక్ష పడింది. 2022 జనవరిలో జైలుకు వెళ్లిన ఆమె 2023 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. విచిత్రమేమిటంటే, అదే సనందజ్ విశ్వవిద్యాలయంలో 2015 నుంచి కుర్దిష్ భాషాసాహిత్యాల డిగ్రీ ఉంది. పట్టా దొరుకుతుంది, పలక దొరకదు.

తండ్రి అజేరీ, తల్లి కుర్దు అయిన మసూద్ పెజెష్కియాన్ 2024లో అధ్యక్షుడిగా ఎన్నికవడంతో ఆశలు చిగురించాయి. కానీ బడుల్లో స్థానిక భాషల బోధనకు ఉద్దేశించిన బిల్లును 2025 ఫిబ్రవరిలో మజ్లిస్ తిరస్కరించింది. ఉమ్మడి భాష బలహీనపడితే ఐక్యత దెబ్బతింటుందన్నది వ్యతిరేకుల వాదన. అజేరీకి, బలూచ్‌కు మధ్య మాట కలిపేది పర్షియనేనన్నదీ నిజమే. అయితే పర్షియన్‌ను తొలగించాలని బిల్లు కోరలేదు. దాని పక్కన కాస్త చోటు అడిగిందంతే.

ఈలోగా ఇళ్లలో నిశ్శబ్దంగా మార్పు జరిగిపోతోంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి రాయాల్సిన 'కొంకూర్' పరీక్ష పర్షియన్‌లోనే ఉంటుంది. బిడ్డ వెనకబడకూడదని కాస్పియన్ తీరంలో ఎందరో తల్లిదండ్రులు ఇంట్లోనూ పర్షియనే మాట్లాడుతున్నారు. నిషేధం చేయలేని పనిని ఈ ఆరాటం చేస్తోంది.

షహ్రియార్ కవితను తబ్రీజ్ పిల్లలు ఇంట్లో పెద్దల నోట విని నేర్చుకోవచ్చు. ఆ భాషలో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం మాత్రం వారి బడి నేర్పదు.