ఏడీసీ డ్రైవరు, దాని బఫర్లు

సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే చిప్పును అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టర్, పొట్టిగా ఏడీసీ అంటారు. 12 బిట్ల ఏడీసీ తాను కొలవగల వోల్టేజీ పరిధిని 4096 మెట్లుగా విభజించి, అందిన వోల్టేజీ ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది. దాని గరిష్ఠ పరిమితి 1.8 వోల్టులైతే ఒక్కో మెట్టు సుమారు 0.44 మిల్లీవోల్టు. ఈ కొలత హార్డ్‌వేర్ పని. కొలిచిన అంకెలను వేళ తప్పకుండా, వరుస చెడకుండా, ఒక్కటీ జారిపోకుండా ప్రోగ్రాముకు చేర్చడం డివైస్ డ్రైవరు పని. చూడటానికి రెండోది చిన్న పనిలా ఉంటుంది గానీ, తిప్పలన్నీ అక్కడే.

గది ఉష్ణోగ్రత లాంటివి కొలిచేటప్పుడు తొందరేమీ లేదు. నిమిషానికోసారి చూసినా చాలు. ప్రోగ్రాము అడిగినప్పుడు డ్రైవరు ఏడీసీని నిద్రలేపి, ఒక్క కొలత తీయించి, ఆ అంకెను తిరిగిస్తుంది. లైనక్స్‌లో ఇందుకు ఏడీసీలోని ప్రతి ఛానెల్‌కూ (ఇన్‌పుట్‌కూ) ఒక చిన్న ఫైలు కనిపిస్తుంది. ఆ ఫైలు తెరిచి చదివితే అప్పటికప్పుడు కొలిచిన విలువ అక్షరాల రూపంలో వస్తుంది. సౌకర్యమే, కానీ ప్రతి కొలతకూ ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నల్‌లోకి వెళ్లాలి, కొలత ముగిసేదాకా ఆగాలి, అంకెను అక్షరాలుగా మార్చి అందుకోవాలి, మళ్లీ దాన్ని అంకెగా మార్చుకోవాలి. మోటారు కంపనాన్నో, కరెంటు తరంగ రూపాన్నో పట్టాలంటే సెకనుకు వేల కొలతలు కావాలి. అప్పుడు ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

వేగం ఒక్కటే చిక్కయితే వేగమైన ప్రాసెసర్ కొంటే సరిపోయేది. అసలు చిక్కు వేళది. 1000 హెర్ట్జ్ సైన్ తరంగం 4096 మెట్ల నిండా ఊగుతోందనుకుందాం. సున్నా రేఖను దాటే చోట అది సెకనుకు దాదాపు కోటీ 28 లక్షల మెట్ల వేగంతో మారుతుంది. అంటే కొలత ఒక్క మైక్రోసెకను ఆలస్యమైతే 13 మెట్ల తేడా వస్తుంది. లైనక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టంలో ఒక ప్రోగ్రాము మేల్కోవడానికి 50 మైక్రోసెకన్లు అటూఇటూ కావడం మామూలు విషయం. అంత ఆలస్యానికి తేడా 600 మెట్లు దాటుతుంది. 12 బిట్ల చిప్పుకు డబ్బు పెట్టి, అందులో సగానికి పైగా బిట్లను గాలికి వదిలేసినట్టే. అందుకే వేళ పాటించే బాధ్యత సాఫ్ట్‌వేర్ మీద పెట్టకూడదు. గడియారం తప్పని హార్డ్‌వేరే కొలవాలి, వీలైనప్పుడు వచ్చే సాఫ్ట్‌వేర్ ఆ కొలతలను పోగుగా తీసుకెళ్లాలి. ఈ రెంటి మధ్య కొలతలు ఆగి ఉండే చోటే బఫర్.

బఫర్ పెడితే వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. సగటున సెకనుకు వచ్చే కొలతల (శాంపిళ్ల) కన్నా ప్రోగ్రాము తక్కువ తీసుకుంటే ఎంత పెద్ద బఫరైనా ఏదో ఒక క్షణాన నిండిపోతుంది. అది ఎగుడుదిగుళ్లను మాత్రమే సర్దుతుంది.

లైనక్స్‌లో ఏడీసీలు, త్వరణమాపకాలు, కాంతి సెన్సర్ల వంటివాటి కోసం ఇండస్ట్రియల్ ఐఓ అనే విభాగం ఉంది. వాడుకలో దీన్ని ఐఐఓ అంటారు. అంతకుముందు కంప్యూటర్ లోపలి వేడి, ఫ్యాను వేగం చూసే విభాగం ఒకటి, కీబోర్డు, మౌస్ లాంటివాటికి మరొకటి ఉండేవి. సెకనుకు వేల శాంపిళ్లిచ్చే సెన్సర్‌కు ఆ రెండూ సరిపడలేదు. జోనథన్ కామెరాన్ మొదలుపెట్టిన ఐఐఓ 2009లో కెర్నల్‌లోని ప్రయోగ విభాగంలో చేరి, 2012లో ప్రధాన విభాగానికి మారింది. ఇందులో ఒక్కో కొలత అడిగే పద్ధతి, బఫర్ పద్ధతి రెండూ ఉన్నాయి. కానీ ఒకే ఏడీసీని రెండు రకాలుగా ఒకేసారి నడపడం కష్టం. బఫర్ నడుస్తుండగా ఎవరైనా ఒంటి కొలత అడిగితే చాలా డ్రైవర్లు ‘ఖాళీ లేదు’ అనే ఎర్రర్ ఇచ్చి పంపేస్తాయి.

ఉదాహరణకు 2013లో వచ్చిన బీగిల్‌బోన్ బ్లాక్ అనే చిన్న బోర్డును తీసుకుందాం. అందులోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎం335ఎక్స్ కుటుంబపు ప్రాసెసర్‌లోనే 12 బిట్ల ఏడీసీ ఉంది. గరిష్ఠంగా సెకనుకు 2 లక్షల శాంపిళ్లు తీయగలదు, అంటే 5 మైక్రోసెకన్లకు ఒకటి. ఈ ఏడీసీ టచ్‌స్క్రీన్‌కూ పనిచేస్తుంది, మామూలు కొలతలకూ పనిచేస్తుంది. అందుకని చిప్పు లోపల రెండు ఫైఫోలు పెట్టారు. ముందు వచ్చింది ముందు పోయే వరుస నిల్వే ఫైఫో. లైనక్స్ డ్రైవరు మొదటిదాన్ని టచ్‌స్క్రీన్‌కూ, రెండోదాన్ని కొలతలకూ కేటాయించింది. ఒక్కోదానిలో 64 గడులు. పూర్తి వేగంతో నడిపితే ఎవరూ ఖాళీ చేయని ఫైఫో 320 మైక్రోసెకన్లలో నిండిపోతుంది.

ఈ 64 గడులూ నిండేదాకా డ్రైవరు కూర్చోదు. సుమారు 20 గడులు నిండగానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి చూడమని ప్రాసెసర్‌కు పంపే సంకేతం) ఇమ్మని ముందే చిప్పుకు చెప్పి ఉంచుతుంది. శాంపిల్‌కొక ఇంటరప్ట్ పెట్టుకుంటే సెకనుకు 2 లక్షల ఇంటరప్టులు. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఇక వేరే పనేమీ సాగదు. ఇరవైకొకటి అయితే అవి 10 వేలకు దిగుతాయి. ఇంటరప్ట్ వచ్చిన క్షణం నుంచి మిగిలిన 44 గడులు నిండడానికి 220 మైక్రోసెకన్లు పడుతుంది. డ్రైవరుకున్న గడువు అంతే. అయితే ఈ డ్రైవరులో ముందే అమర్చి ఉన్న విలువలు నెమ్మదైనవి. ఒక్కో కొలతకు ముందు 152 గడియారపు టిక్కులు ఆగి, ఆపై 16 కొలతల సగటు తీస్తుంది. 3 మెగాహెర్ట్జ్ గడియారం మీద ఇది సెకనుకు సుమారు 8 వేల శాంపిళ్లే. 2 లక్షలన్నారు, 8 వేలే వస్తున్నాయేమిటి అని కొత్తవారు తల పట్టుకునేది ఇక్కడే. లోపం చిప్పుది కాదు. ఆ విలువలు మార్చుకుంటే వేగం పెరుగుతుంది, కానీ పైన చెప్పిన గడువు కూడా బిగుసుకుంటుంది.

ఇంటరప్ట్ వచ్చాక జరిగే పని రెండు భాగాలు. మొదటి భాగం చాలా పొట్టిది. ఇంటరప్ట్ ఎందుకొచ్చిందో చూసి, అదే ఇంటరప్ట్ మళ్లీ రాకుండా తాత్కాలికంగా మూసి, రెండో భాగాన్ని లేపి తప్పుకుంటుంది. రెండో భాగం కెర్నల్‌లో ఒక థ్రెడ్‌గా నడుస్తుంది. ఫైఫోలో ఎన్ని గడులు నిండాయో చదివి, అన్నింటినీ బయటికి తీసి, ఛానెళ్ల వారీగా కూర్చి, కెర్నల్ మెమరీలోని పెద్ద బఫర్‌లోకి నెట్టి, ఇంటరప్ట్‌ను మళ్లీ తెరుస్తుంది. ఈలోగా ఫైఫో పొంగిపోతే చిప్పు వేరే ఇంటరప్ట్‌తో ఆ సంగతి చెబుతుంది. అప్పుడు డ్రైవరు ఏడీసీని ఆపి, కొత్తగా మొదలుపెడుతుంది. ఆపకుండా, పోయినవి పోగా ఉన్నవాటితోనే కొనసాగవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మూడు ఛానెళ్లు వంతులవారీగా వస్తున్నప్పుడు మధ్యలో ఒక్కటి జారినా, ఆ తర్వాతివన్నీ పక్క ఛానెల్ పేరు మీద జమ అవుతాయి. తప్పుడు లెక్క కన్నా లేని లెక్క నయం.

కెర్నల్‌లోని పెద్ద బఫర్ వలయాకారపు వరుస. రాసేవారికొక సూచిక, చదివేవారికొక సూచిక. రెండూ ముందుకే నడుస్తాయి, వాటి తేడాయే నిల్వ ఉన్న సరుకు. రాసేది ఒక్కరే, చదివేది ఒక్కరే అయితే వారి మధ్య తాళం కూడా అక్కర్లేదు. ఒకరి సూచికను ఒకరు మార్చరు గనుక. బఫర్ నిండినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. పాతదాన్ని తుడిచి కొత్తది రాస్తే తాజా సమాచారం ఉంటుంది. కొత్తదాన్ని వదిలేస్తే పాతది చెక్కుచెదరదు. ఐఐఓలో మామూలుగా వాడే బఫర్ రెండో దారి పడుతుంది. కొత్త శాంపిల్‌కు చోటు లేకపోతే అది అంతే సంగతులు. పైగా ముందే పెట్టి ఉన్న పొడవు రెండంటే రెండు శాంపిళ్లు. దీన్ని పెంచకుండా వాడితే సమాచారం కారిపోతూనే ఉంటుంది. ఒక ఛానెల్‌ను పూర్తి వేగంతో పట్టాలంటే 4096 గడుల బఫర్ కూడా 20 మిల్లీసెకన్ల సరుకే. ప్రోగ్రాము మెమరీ కార్డుకు రాస్తూ అంతకంటే ఎక్కువసేపు ఆగిపోవడం అరుదేమీ కాదు.

ప్రోగ్రామును ఎప్పుడు లేపాలన్నది మరో లెక్క. ఎన్ని శాంపిళ్లు పోగయ్యాక లేపాలో చెప్పడానికి వాటర్‌మార్క్ అనే అమరిక ఉంది. షేర్ ఆటో డ్రైవరు ఒక్కరు ఎక్కగానే బండి తీయడు, ఆరుగురైతేనే తీస్తాడు. డీజిలు కలిసొస్తుంది, మొదట ఎక్కినవాడికి మాత్రం ఎదురుచూపు తప్పదు. వాటర్‌మార్క్ 1 అయితే శాంపిల్ రాగానే ప్రోగ్రాము లేస్తుంది, ప్రాసెసర్‌కు విశ్రాంతి ఉండదు. అది 1000 అయితే ప్రాసెసర్ హాయిగా ఉంటుంది, మొదటి శాంపిల్ పాతబడుతుంది. రికార్డు చేసుకోవడానికైతే పెద్ద సంఖ్య, మోటారును అదుపు చేయడానికైతే చిన్న సంఖ్య పెట్టుకోవడం ఆనవాయితీ.

బఫర్‌లో ఉండేవి అక్షరాలు కావు, బైట్లు. ఏ ఛానెల్‌కు ఎన్ని బిట్లు, అవి ఎన్ని బిట్ల గడిలో కూర్చున్నాయి, రుణాంకెలు ఉంటాయా, ఏ బైటు ముందు అన్నవి డ్రైవరు వేరే ఫైలులో ప్రకటిస్తుంది. ఛానెళ్ల వరుస వాటి సూచిక సంఖ్యను బట్టే. వాడేవారు మూడోదాన్ని ముందు ఆన్ చేసి మొదటిదాన్ని తర్వాత ఆన్ చేసినా మొదటిదే ముందు వస్తుంది. ప్రతి అంకమూ తన పరిమాణానికి తగ్గ హద్దు మీదే మొదలవ్వాలన్న నియమమూ ఉంది. రెండేసి బైట్ల మూడు ఛానెళ్లు, ఎనిమిది బైట్ల టైంస్టాంప్ కలిపితే 14 కావాలి. కానీ టైంస్టాంప్ ఎనిమిదో బైటు దగ్గరే మొదలవ్వాలి గనుక మధ్యలో రెండు ఖాళీ బైట్లు చేరి 16 అవుతాయి. ఆ ఖాళీని సున్నాలతో నింపకపోతే కెర్నల్ మెమరీలో అంతకుముందు ఉన్న చెత్త అలాగే ప్రోగ్రాముకు చేరుతుంది. భద్రత దృష్ట్యా ఇది లీకేజీయే. 2020లో ఇలాంటి లోపాన్ని చాలా ఐఐఓ డ్రైవర్లలో వరసపెట్టి సరిదిద్దారు.

సెకనుకు లక్షలు దాటి కోట్ల శాంపిళ్లయితే ఇంటరప్ట్, థ్రెడ్ పద్ధతి కూడా చాలదు. అక్కడ డీఎంఏ అనే హార్డ్‌వేర్ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ఏడీసీ నుంచి నేరుగా మెమరీలోకి రాస్తుంది. సాధారణంగా బఫర్‌ను రెండు సగాలుగా వాడతారు. డీఎంఏ ఒక సగంలో రాస్తుండగా ప్రాసెసర్ రెండో సగం చదువుతుంది. సగం నిండినప్పుడొకటి, మొత్తం నిండినప్పుడొకటి, అంతే ఇంటరప్టులు. ఇక్కడి ప్రమాదం వేరు. డీఎంఏ రాసింది అసలు మెమరీలో ఉంటే, ప్రాసెసర్ తన క్యాషేలోని పాత నకలు చదివి మోసపోవచ్చు. చదివేముందు ఆ నకలు చెల్లదని ప్రకటించడం డ్రైవరు మర్చిపోకూడదు.

ఆపేటప్పుడు కూడా క్రమం ఉంది. బీగిల్‌బోన్ డ్రైవరులో ముందు ఇంటరప్టులు మూస్తారు, తర్వాత కొలతలు ఆపుతారు. ఏడీసీ ఆగేలోపు వచ్చిపడిన శాంపిళ్లు ఫైఫోలో మిగిలే ఉంటాయి గనుక చివరికి దాన్ని చదివి పారబోస్తారు. మళ్లీ బఫర్ మొదలుపెట్టే ముందు కూడా ఫైఫోను ఇంకోసారి ఖాళీ చేస్తారు. ఇది చేయకపోతే కొత్త రికార్డులో మొదటి కొన్ని అంకెలు కిందటి రికార్డువే అవుతాయి.