బాలనటి షర్లీ టెంపుల్

వార్షికోత్సవ వేదికపై బిడ్డ ఆడి పాడినపుడు తల్లిదండ్రుల హృదయము ఉప్పొంగును. ఆ సమయముననే తలపోయదగిన యొక జీవితమును ఇచట వివరించుచున్నాము.

షర్లీ టెంపుల్ 1928 ఏప్రిల్ 23వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే చిత్రరంగమున ప్రవేశించి, 1935 మొదలు 1938 వరకు ఆ దేశమున అత్యధిక ప్రేక్షకులను రప్పించిన తారగా నిలిచెను. స్టూడియోవారు ఆమె వయస్సును ఒక యేడు తగ్గించి ప్రకటించిరి. పన్నెండేండ్లు నిండినవని తలచిన పుట్టిన రోజుననే, నిజమునకు పదుమూడు నిండినవని తల్లి వలన తెలిసికొనెను. ఇరువది రెండేండ్లకు లెక్క చూడగా, ముప్పది లక్షల డాలర్లకు మించిన ఆర్జనలో మిగిలినది సుమారు 44,000 డాలర్లు మాత్రమేనని 1988లో వెలువడిన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

అయినను ఆమె జీవితము అంతటితో ముగియలేదు. 1940లో బాలికల పాఠశాలలో చేరి 1945లో చదువు ముగించెను. 1950లో చిత్రములను విడిచెను. 1974లో ఘనాకు, 1989లో చెకోస్లొవేకియాకు అమెరికా రాయబారిగా నియమితురాలయ్యెను. 2014లో మరణించెను.

మన దేశమున 2017 నాటి నిబంధనలు బాలనటుల ఆర్జనలో కనీసము నూటికి 20 వంతులు వారి పేర బ్యాంకులో నిలువ చేయవలెనని విధించినవి. ధనము పోయినను ఆమెకు చదువు నిలిచినది. బిడ్డ నటించుగాక, చదువు మాత్రము ఆగరాదని మా విన్నపము.