గ్లౌజు తొడిగిన వేలు: యూఎక్స్ ఓనమాలు

ఒక వస్తువునో సేవనో వాడబోయే మనిషి ఎక్కడ తడబడతాడో ముందే కనిపెట్టి, ఆ తడబాటు లేకుండా దాన్ని తీర్చిదిద్దే పనిని యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అంటారు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ల నోట అది యూఎక్స్. పేరు కొత్తదే. 1990ల మొదట్లో ఆపిల్ కంపెనీలో పనిచేసిన డాన్ నార్మన్ తన హోదాలోనే ఆ మాటను చేర్చుకున్నాక అది ప్రచారంలోకి వచ్చింది. పని మాత్రం పాతది. ఇళ్లలోకి కంప్యూటర్లు రాకముందే కెనడాలోని విన్నిపెగ్ నగరం ఆ పనిని ఒకసారి చేసి చూపించింది.

1959కి ముందు విన్నిపెగ్‌లోనూ చుట్టుపక్కల పురపాలికల్లోనూ పోలీసులకు ఒక నంబరు, ఫైరింజనుకు మరో నంబరు. ఊరి పొలిమేర దాటితే అవీ మారిపోయేవి. ఇల్లు అంటుకున్న మనిషి ముందు డైరెక్టరీ తిరగేసుకోవాలి. మేయర్ స్టీఫెన్ జూబా పూనుకోవడంతో ఆ ఏడాది అన్నిటికీ కలిపి 999 అనే ఒకే నంబరు వచ్చింది. ఉత్తర అమెరికాలో అలాంటి అత్యవసర నంబరు అదే మొదటిది.

ఆ అంకెలు లండన్ నుంచి వచ్చాయి. అక్కడ 1937 నుంచే అవి వాడుకలో ఉన్నాయి. సులువుగా తిప్పగలిగే 111ను కాదని 999ను ఎంచుకోవడానికి కారణముంది. ఆ కాలపు టెలిఫోన్ తీగలు గాలికి ఒకదానికొకటి తగిలితే, ఎవరో 1 తిప్పినట్టే ఎక్స్ఛేంజికి వినిపించేది. 9 అలా పొరపాటున పడదు. పైగా గుండ్రటి డయలు మీద వేలు ఆగే కొక్కేనికి ఆనుకుని సున్నా, దాని పక్కనే తొమ్మిది. పొగలోనో చీకట్లోనో తడుముకున్నా దొరుకుతుంది. 1972లో విన్నిపెగ్ 911కి మారింది గానీ, ఆ పాత నంబరు వెనకున్న ఆలోచనే నేటికీ యూఎక్స్‌కు గుండెకాయ. మనిషి కంగారులో ఉంటాడు, చేతులు వణుకుతుంటాయి, గుర్తుపెట్టుకునే ఓపిక ఉండదు, పొరపాట్లు చేస్తాడు. డిజైన్ ఆ మనిషి కోసం జరగాలి.

యూఎక్స్‌ను యూఐతో కలిపేసి మాట్లాడడం మామూలైపోయింది. యూఐ అంటే యూజర్ ఇంటర్‌ఫేస్, అంటే తెర మీద కనిపించే బటన్లు, రంగులు, అక్షరాలు. పెళ్లి భోజనంతో పోలిస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. అరిటాకులో పప్పు ఎక్కడ, పచ్చడి ఎక్కడ అన్నది యూఐ. ఏ పంక్తిలో కూర్చోవాలో తెలియడం, అడక్కముందే మంచినీళ్లు రావడం, చేయి కడుక్కునే చోటు దగ్గర్లో ఉండడం, ఇవన్నీ కలిసిన ఆ పూట మొత్తం యూఎక్స్. ఆకు ఎంత ముచ్చటగా ఉన్నా అన్నం రావడానికి అరగంట పడితే అతిథి తిట్టుకుంటూనే లేస్తాడు.

నేర్చుకునేవాళ్లు మొదట వదిలించుకోవాల్సిన అలవాటు, వెంటనే తెర గీయడం మొదలుపెట్టడం. దానికన్నా ముందు తెలుసుకోవాల్సింది వాడుక జరిగే చోటును. దీనికి విన్నిపెగ్ బస్‌స్టాపు మంచి పాఠశాల. జనవరిలో అక్కడి సగటు ఉష్ణోగ్రతే సున్నాకు చాలా దిగువన ఉంటుంది. కొన్ని రాత్రులు మైనస్ 30 కూడా దాటుతుంది. ఫోన్ తెర వేలి చర్మంలోని విద్యుత్ గుణాన్ని బట్టి పనిచేస్తుంది కాబట్టి మందపాటి ఉన్ని గ్లౌజు తాకినా దానికి తెలియదు. గ్లౌజు తీస్తే నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిలో బ్యాటరీ కూడా త్వరగా పడిపోతుంది. తర్వాతి బస్సు ఎప్పుడో చెప్పడానికి ఐదారు తెరలు దాటించే యాప్ వెచ్చటి ఆఫీసులో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. బస్‌స్టాపులో అదే శిక్ష. యాప్ తెరవగానే నిలబడ్డ స్టాపు పేరూ రాబోయే బస్సూ కనిపిస్తే ఒక్క వేలు ఒక్కసారి బయటికి తీస్తే చాలు.

ఇక్కడే పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ప్రతిపాదించిన సూత్రం పనికొస్తుంది. తాకాల్సిన గురి పెద్దదిగా, దగ్గరగా ఉంటే చేయి త్వరగా, తప్పు లేకుండా చేరుతుంది. తమ ఫోన్లకు యాప్‌లు చేసే డిజైనర్లకు బటన్ కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 డీపీ ఉండాలని గూగుల్ చెప్పడం (పాయింటు, డీపీ తెర మీది కొలతలు) ఈ లెక్కకు దగ్గరిదే. చలికి మొద్దుబారిన వేలికి అది కూడా చాలకపోవచ్చు.

వాడేవాళ్ల అవసరం తెలుసుకోవడానికి వాళ్లను అడగడం ఒక దారి. అయితే ప్రశ్న వేసే తీరులోనే సగం పని చెడుతుంది. ‘ఈ యాప్ నచ్చిందా?’ అంటే మర్యాదస్తులు నచ్చిందనే అంటారు. తెలుగు పెద్దవాళ్లయితే ఎదుటి కుర్రాడు కష్టపడ్డాడన్న జాలితో ‘బాగుంది నాయనా’ అని ఆశీర్వదించి పంపుతారు. ‘పోయినసారి బస్సు ఎక్కేముందు ఏం చేశారు?’ అని అడిగితే నిజం బయటికొస్తుంది. అడగడం కన్నా పక్కన నిలబడి చూడడం ఇంకా మేలు. టైమ్‌టేబుల్‌ను కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకునే మనిషి తనకు యాప్ అక్కర్లేదని చెప్పడం లేదు. ఉన్న యాప్ తన చేతికి అందడం లేదని చెబుతున్నాడు.

తెలుసుకున్నదాన్ని ఓ క్రమంలో సర్దడం తర్వాతి మెట్టు. దీన్ని ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్ అంటారు. ఏది ఎక్కడుంటుంది, దాన్నేమని పిలుస్తారు, ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్లాలి అన్న లెక్క అది. సర్దడం సరిగా కుదరకపోతే ఏమవుతుందో విన్నిపెగ్ నడిబొడ్డున ఉన్న పోర్టేజ్, మెయిన్ వీధుల కూడలి దశాబ్దాల పాటు చూపించింది. 1979లో అక్కడ రోడ్డు దాటకుండా కాంక్రీటు గోడలు కట్టి, నడిచేవాళ్లను నేల కింద గుండ్రటి నడవలోకి మళ్లించారు. గుండ్రటి దారిలో తూర్పేదో పడమరేదో తెలియదు, గుర్తుపెట్టుకోవడానికి మలుపు ఉండదు, పైకి వెళ్లే మెట్లన్నీ ఒకేలా ఉంటాయి. ఈ చివర దిగినవాడు ఎదుటి మూలకు బదులు పక్క మూలలో తేలడం మామూలే. 2018లో గోడలు తీయాలా వద్దా అని ఓటు పెడితే దాదాపు మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. నేల కింది కట్టడం మరమ్మతుకు భారీ ఖర్చవుతుందని తేలాక నగరపాలక మండలి మనసు మార్చుకుంది. చివరికి 2025 జూన్ 27న కూడలి మళ్లీ కాలినడకకు తెరుచుకుంది. యాప్‌లలో మూడు గీతల మెనూ వెనక అన్నీ దాచేయడం ఈ నేల కింది నడవ లాంటిదే. పైకి శుభ్రంగా కనిపిస్తుంది, లోపలికి దిగినవాడికి దిక్కు తెలియదు.

కూడలి తెరుచుకున్న సరిగ్గా రెండు రోజులకు, జూన్ 29న, నగర బస్సుల సంస్థ విన్నిపెగ్ ట్రాన్సిట్ తన బస్సు మార్గాలన్నిటినీ ఒక్క రాత్రిలో మార్చింది. ముఖ్యమైన మార్గాల నంబర్లకు ముందు అక్షరాలు చేర్చింది. ఎఫ్ అంటే తరచుగా వచ్చేది, ఎఫ్ఎక్స్ అంటే తరచుగా, వేగంగా వెళ్లేది, డి అంటే నేరుగా పోయేది. పేరులోనే సేవ స్వభావాన్ని చెప్పడం మంచి సర్దుబాటు. అయినా బస్సులు మారాల్సి రావడం ఎక్కువైందని ప్రయాణికులు గట్టిగానే ఫిర్యాదు చేశారు. పేర్లు బాగున్నంత మాత్రాన ప్రయాణం బాగున్నట్టు కాదు. యూఐకీ యూఎక్స్‌కీ తేడా ఇక్కడ మరోసారి తేటపడుతుంది.

వాడేవాళ్ల మనసులో విషయాలు ఏ వరుసలో ఉన్నాయో తెలుసుకోవడానికి కార్డ్ సార్టింగ్ అనే తేలిక పద్ధతి ఉంది. ఒక్కో అంశాన్ని ఒక్కో చీటీ మీద రాసి, నాలుగైదు కుప్పలుగా పేర్చి ప్రతి కుప్పకూ పేరు పెట్టమంటారు. ‘బస్ పాస్’ చీటీని కంపెనీవాళ్లు ‘చెల్లింపుల’ కుప్పలో పెడితే, జనం ‘ప్రయాణం’ కుప్పలో పెట్టవచ్చు. అప్పుడు జనం మాటే చెల్లాలి.

తర్వాత నమూనా. అది కాగితం మీద పెన్సిలు గీతలతో మొదలైతే మంచిది. ఫిగ్మా లాంటి సాధనంలో మెరిసే తెర చూపిస్తే ఎదుటివాడు రంగుల గురించి మాట్లాడతాడు, కాగితం చూపిస్తే పని గురించి మాట్లాడతాడు. ఆ నమూనాను మనిషి చేతికిచ్చి, ‘రేపు ఉదయం తొమ్మిదికి యూనివర్సిటీకి చేరే బస్సు వెతకండి’ అని పని చెప్పి, ఆపైన నోరు మూసుకుని కూర్చోవడాన్ని యూజబిలిటీ పరీక్ష అంటారు. సాయం చేయాలని నాలుక దురద పెడుతుంది. ఆ దురదను ఆపుకోవడమే ఈ విద్యలో కష్టమైన భాగం. పరీక్ష నమూనాకు గానీ మనిషికి కాదని ముందే చెప్పాలి. ఒకే తరహా వాడుకరులు ఐదుగురు ఉంటే పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఐదుగురితో ఒక్కసారి పరీక్షించి వదిలేయమని కాదు, సరిదిద్దుకుంటూ మళ్లీ మళ్లీ ఐదుగురి దగ్గరికి వెళ్లమని దాని భావం.

నీల్సన్ 1994లో క్రోడీకరించిన పది సూత్రాలు ఈ రంగంలో పెద్దబాలశిక్ష లాంటివి. వాటిలో మొదటిదాని విలువ ఫోన్‌లో డబ్బు పంపిన ప్రతివారికీ తెలుసు: లోపల ఏం జరుగుతోందో వ్యవస్థ చెబుతూ ఉండాలి. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే డబ్బు వెళ్లిందో లేదో తెలియక మళ్లీ పంపినవాళ్లున్నారు. ఒక సెకను దాటితే మనిషి ఆలోచన తెగుతుంది, పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పనికి పోతుంది. అంతకుమించి ఆగాల్సి వస్తే ఎంతసేపో చెప్పాలి.

యూఎక్స్‌లో విన్నిపెగ్ ప్రపంచానికి చూపదగ్గ పని ఫోర్క్స్ ప్రాంతంలోని కెనడియన్ మ్యూజియం ఫర్ హ్యూమన్ రైట్స్‌లో ఉంది. 2014 సెప్టెంబరులో తెరిచిన ఈ జాతీయ మ్యూజియంలో టచ్‌స్క్రీన్లు చాలా ఉన్నాయి. నున్నటి గాజు తెర చూపులేనివారికి గోడతో సమానం. అందుకే తెర దగ్గరే చేతికి తెలిసేలా ఎత్తుగా ఉండే మీటలతో, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటుతో యూనివర్సల్ కీప్యాడ్ అనే పరికరాన్ని అమర్చారు. మీట నొక్కితే తెర మీద ఉన్నది గొంతై చెవిలో పడుతుంది, బాణం మీటలతో ముందుకీ వెనక్కీ కదలవచ్చు. వైకల్యం ఉన్నవాళ్లను మొదటి నుంచీ సలహాదారులుగా కూర్చోబెట్టి, నమూనాలను వాళ్ల చేత పరీక్షింపజేసి తయారుచేశారు. అంతా కట్టేశాక చివర్లో ర్యాంపు అతికించే అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం.

చట్టం కూడా ఈ దారినే వచ్చింది. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రం 2013లో అందుబాటు చట్టం చేసింది. దాని కింద వచ్చిన సమాచార ప్రమాణం 2025 మే 1 నుంచి ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తోంది. వెబ్‌సైట్లు డబ్ల్యూసీఏజీ 2.1 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని ఏఏ స్థాయిలో అందుకోవాలి. మామూలు అక్షరాలకూ వెనకున్న రంగుకూ కాంతి తేడా కనీసం 4.5కు 1 ఉండాలన్నది అందులో ఒక నియమం. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టి అందం అనుకునే డిజైనర్లకు ఇది చెంపపెట్టు. మంచు మీద పడి కళ్లు చెదరగొట్టే ఎండలో ఫోన్ చూసేవారికీ ఈ నియమం మేలే చేస్తుంది. చంటిబిడ్డను చంకనెత్తుకున్న తల్లికి ఒక్క చేయే ఖాళీ, గ్లౌజు తొడిగినవాడికి ఆ ఒక్కటీ లేదు. ఆ కాసేపూ వాళ్లూ వికలాంగులే.

తెలుగులో తెర తయారుచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి గీసిన బటన్‌లో తెలుగు వత్తులు కింద తెగిపోతాయి. ‘సబ్మిట్’ ఉన్న చోట ‘సమర్పించండి’ ఇరుకుగా పడుతుంది. బ్యాంకు యాప్‌లలో అర్థం కాని అనువాదాలు చూసి భాషను మళ్లీ ఇంగ్లిష్‌కు మార్చుకునే తెలుగువాళ్లు ఎందరో. లోపం వాళ్ల తెలుగులో లేదు, తెలుగు మనిషితో పరీక్షించని నమూనాలో ఉంది.

ఈ విద్య నేర్చుకోవాలంటే విన్నిపెగ్‌లో రెడ్ రివర్ కాలేజ్ పాలిటెక్నిక్‌లో డిజిటల్ మీడియా డిజైన్ కోర్సు ఉంది. తెలుగు నేల మీద ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం, 2015లో మొదలైన ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఉద్యోగమిచ్చేవాళ్లు సర్టిఫికెట్ కన్నా పోర్ట్‌ఫోలియోను, అంటే చేసిన పనుల సంకలనాన్ని, ఎక్కువగా చూస్తారు. అందులోనూ అందమైన తెరల కన్నా, ఏ మనిషిని గమనించి ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్న కథనానికే విలువ. ఆ మొదటి కథనం కోసం విన్నిపెగ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, కరెంటు బిల్లు కట్టమని చెప్పి, పది నిమిషాలు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి.