కండరములోని ముడి - దేహమంతటి నొప్పి

నొప్పి కంటికి కనబడునది కాదు. జ్వరము వచ్చినచో ధర్మామీటరు చూపును; ఎముక విరిగినచో ఎక్స్‌రే చూపును. నొప్పిని కొలిచి చూపు సాధనము మాత్రము వైద్యుని చేతిలో నేటికిని లేదు. బాధపడువారి నోటిమాటయే దానికి సాక్ష్యము. ఆ సాక్ష్యము తరచుగా త్రోసివేయబడు వ్యాధులలో ఫైబ్రోమయాల్జియా ఒకటి. కండరములలో ఏర్పడు ట్రిగ్గర్ బిందువులకును ఈ వ్యాధికిని గల సంబంధమును మన విద్యార్థులకు తెలియు మాటలలో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము వైద్యులము కాము, భాషను బోధించువారము. అయినను ఈ విషయమును చదువుటకు మా యింటనే ఒక కారణము కలిగినది. మా పెద్ద ఆపాగారు ఇరువది యేండ్లు కుట్టుమిషను ముందు కూర్చుండి పిల్లలను చదివించినవారు. మొదట మెడ నొప్పి అనిరి. తరువాత తలనొప్పి అనిరి. కొన్నేండ్లకు ఒళ్లంతయు నొప్పి అనిరి. రక్తపరీక్షలలోను ఎక్స్‌రేలోను ఏ దోషమును కానరాలేదు. ఒక వైద్యుడు “మీకు జబ్బేమీ లేదు” అని పంపివేసెను. ఇంటిలోని వారము మేమును అదే మాట అంటిమి. అప్పుడామె, “రిపోర్టులన్నీ బాగున్నాయి భాయ్, నేనే బాగులేను” అనిరి. ఆ మాట మమ్ము పుస్తకముల వద్దకు నడిపించినది.

మొదట ట్రిగ్గర్ బిందువు అననేమో చూతము. ట్రిగ్గర్ అనగా తుపాకి మీట. మీట నొక్కునది ఒకచోట, గుండు తగులునది మరొకచోట. కండరమునందలి కొన్ని పోగులు బిగిసి త్రాడువలె నుండగా, ఆ త్రాటిమీద శనగగింజవంటి గట్టి ముడి వ్రేలికి తగులును. దానిని నొక్కినచో నొప్పి అచ్చటనే నిలువక దూరమునకు ప్రాకును. మెడకును భుజమునకును నడుమనున్న ట్రపీజియస్ కండరములో ముడి యున్నచో నొప్పి మెడప్రక్కగా ప్రాకి కణతలను చేరును. రోగి కణతలకు అమృతాంజనము రాచుకొనును. ముడి మాత్రము భుజమున భద్రముగా నుండును. “పుండు ఒకచోట, మందు ఒకచోట” అను సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

కండరములలో పుట్టు నొప్పిని గురించిన ఆలోచన క్రొత్తది కాదు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథములో 15 విధములైన నొప్పులను పేర్కొని, వానిలో ఒకదానికి కండరమునకును దానిపై పొరకును నడుమ చేరిన పదార్థము కారణమని వ్రాసెను. ఆధునిక కాలమున కెల్‌గ్రెన్ అను వైద్యుడు లండనులో ఆరోగ్యవంతుల కండరములలోనికి ఉప్పునీటిని సూదితో ఎక్కించి, నొప్పి ఏ కండరము నుండి ఎచ్చటికి ప్రాకునో గుర్తించి 1938లో ప్రకటించెను. తరువాత అమెరికాలో జానెట్ ట్రావెల్ అను వైద్యురాలు ఈ శాస్త్రమునకు రూపు దిద్దెను. నడుమునొప్పితో బాధపడిన జాన్ కెన్నెడీకి ఊగు కుర్చీని సూచించినది ఈమెయే. 1961లో ఈమె అధ్యక్షుని స్వంత వైద్యురాలుగా నియమింపబడెను. ఆ పదవి పొందిన ప్రథమ మహిళ ఈమెయే. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఈమె రచించిన ట్రిగ్గర్ బిందువుల గ్రంథము తొలి సంపుటము 1983లో వెలువడినది.

ముడి ఎట్లు ఏర్పడును? నరము కండరమును కలియు చోట అసిటైల్‌కోలిన్ అను రసాయనము అధికముగా ఊరుటచే పోగులు ముడుచుకొని అట్లే యుండిపోవునని వీరి ఊహ. ముడుచుకొనిన పోగులు సన్నని రక్తనాళములను నొక్కును. రక్తము తగ్గగా ప్రాణవాయువు తగ్గును, శక్తి చాలదు. కండరము వదులగుటకును శక్తి కావలయును గనుక ముడి వీడదు. అచ్చట చేరిన రసాయనములు నరముల కొనలను రేపి నొప్పి పుట్టించును. ఒకే భంగిమలో గంటలకొలది కూర్చుండి మిషను కుట్టువారికిని, బీడీలు చుట్టువారికిని, మగ్గముపై వంగి జరీపని చేయువారికిని మెడభుజములు పట్టుట ఇందువలననే కావచ్చును.

ఇక ఫైబ్రోమయాల్జియా సంగతి. 1904లో విలియం గవర్స్ అను ఆంగ్ల వైద్యుడు నడుమునొప్పిని గురించి వ్రాయుచు ‘ఫైబ్రోసైటిస్’ అను పేరు కల్పించెను. ‘ఐటిస్’ అను ప్రత్యయమునకు వైద్యభాషలో వాపు అని అర్థము. పోగులలో వాపు కానరానందున 1976 నుండి ‘ఆల్జియా’, అనగా నొప్పి, అను పదముతో క్రొత్త పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. శరీరము పలుచోట్ల మూడు నెలలకు తక్కువ కాకుండ నొప్పి, ఎంత నిద్రించినను తీరని బడలిక, మరపు దీని లక్షణములు. ఇది స్త్రీలలో అధికముగా గుర్తింపబడుచున్నది.

1990లో అమెరికా కీళ్లవైద్యుల సంఘము శరీరముపై 18 చోట్లను నిర్ణయించి, సుమారు 4 కిలోల ఒత్తిడితో నొక్కగా 11 చోట్ల నొప్పి కలిగినచో ఈ వ్యాధి యున్నదని తలంపవచ్చునని చెప్పెను. ఇవి ట్రిగ్గర్ బిందువులు కావని విద్యార్థులు గమనింపవలెను. వీనిని నొక్కినచోటనే నొప్పి కలుగును. ట్రిగ్గర్ బిందువు నొప్పిని దూరమునకు పంపును. 2010లో ఆ సంఘమే ఈ లెక్కను విడిచి, నొప్పి వ్యాప్తిని, నిద్రను, బడలికను రోగిని అడిగి తెలిసికొను పద్ధతిని ప్రవేశపెట్టెను. రోగి మాటకు విలువ పెరిగినదన్నమాట.

ఈ వ్యాధిలో ప్రధానదోషము వెన్నుపాములోను మెదడులోను నొప్పి వార్తలను అందుకొను తీరునందు ఉన్నదని నేటి శాస్త్రజ్ఞులు పలువురు చెప్పుచున్నారు. మన కళాశాల సభలలో మైకు శబ్దము మితిమీరి పెంచినచో గుసగుస కూడ గర్జనవలె వినవచ్చును. ఇదియు అట్టిదే. 2002లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో బొటనవ్రేలి గోటిని నొక్కుచు మెదడును పరీక్షించిరి. ఆరోగ్యవంతులకు ఇంచుమించు రెట్టింపు ఒత్తిడితో కలిగిన నొప్పి, ఈ రోగులకు స్వల్పమైన ఒత్తిడితోనే కలిగినది. మెదడులోని స్పందనయు దానికి తగినట్లే యుండినది. కావున ఈ నొప్పి నటన కాదు, కల్పన కాదు.

అట్లయిన ముడుల పాత్ర ఏమి? మైకు ముందు ఎడతెగక గుసగుసలాడు వారు ఈ ముడులు. అవి పంపు వార్తలు నాడీమండలమును మరింత రేపుచుండును. ముడులకు చికిత్స చేయగా ఇతర భాగముల నొప్పియు కొంత తగ్గినట్లు కొన్ని పరిశోధనలు చూపినవి. అయితే అందరును దీనిని అంగీకరింపలేదు. 1992లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, ఎవరు రోగులో తెలియకుండ నిపుణులు వ్రేళ్లతో వెదకగా, బిగిసిన పోగులు ఆరోగ్యవంతులలోను అంతే కనబడినవి. కావున ముడి నొప్పికి ఒక మూలము కావచ్చును గాని వ్యాధికంతకును అదియే మూలమనుట తగదు. మర్దనతో సర్వము నయమగునని డబ్బు గుంజువారిని నమ్మరాదు.

ముందుగా థైరాయిడ్ లోపము, కీళ్లవాతము మొదలగునవి లేవని వైద్యునిచే నిర్ధారించుకొనవలెను. తరువాత కొద్దికొద్దిగా పెంచుకొనుచు చేయు నడక, వ్యాయామము, క్రమమైన నిద్ర ముఖ్యము. యూరపు నిపుణులు 2016లో చేసిన సిఫారసులలో గట్టిగా బలపరచినది వ్యాయామమొక్కటియే. ముడులకు సాగదీయుట, ఒత్తిడి, అవసరమైనచో వైద్యునిచే సూది ఉపయోగపడవచ్చును. కొందరికి మందులును కావలసియుండును.

మా ఆపాగారికి నొప్పి పూర్తిగా పోలేదు. పది నిమిషములతో మొదలిడిన నడక నేడు అరగంటకు చేరినది. అరగంటకొకమారు మిషను వద్దనుండి లేచుచున్నారు. రాత్రి కొంత నిద్ర పట్టుచున్నది. అయితే మేము ఆమెను నమ్మిన దినముననే తన బాధ సగము తగ్గినదని ఆమె అందురు. నమ్ముటకు మాకు అన్నియేండ్లు పట్టినందులకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము.

విద్యార్థులారా, మీ యింటిలో అమ్మయో అక్కయో ఒళ్లు నొప్పి అనినపుడు “ఎప్పుడూ ఉండేదే కదా” అని పుస్తకములో తల దూర్చకుడు. ఎచ్చట, ఎప్పటి నుండి అని అడుగుడు. వైద్యుడు చేయవలసిన మొదటి పనియు అదియే.