రక్తపరీక్ష – వైద్యుని విచక్షణ

జ్వరంతో వచ్చిన రోగిని కుటుంబ వైద్యుడు మొదట ప్రశ్నలతోనే పరీక్షిస్తాడు. జ్వరం ఎన్నాళ్లనుంచి ఉన్నది? ఏ వేళ హెచ్చుతున్నది? తాగే నీరు ఎక్కడిది? తరువాత నాడి, నాలుక, పొట్ట చూస్తాడు. “ఇదంతా ఎందుకు? రక్తపరీక్ష చేయిస్తే చాలదా?” అని కొందరికి తోచవచ్చు. అది ఎందుకు చాలదో టైఫాయిడ్ ఉదాహరణగా తెలుసుకొందాం.

టైఫాయిడ్ క్రిములు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా శరీరంలో ప్రవేశిస్తాయి. వాటిని ఎదుర్కొనడానికి రక్తంలో ప్రతిరక్షకాలనే పదార్థాలు తయారవుతాయి. రోగి రక్తపు సీరంలో ఈ క్రిములను కలిపితే అవి గుంపులుగా ముద్దకడతాయి. ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ 1896లో దీనిని రోగనిర్ణయానికి వినియోగించాడు. నేటికీ ఇది విడాల్ పరీక్షగా ప్రసిద్ధం.

అయితే ప్రతిరక్షకాలు తగినంతగా పెరగడానికి సుమారు వారం పడుతుంది. కనుక మూడవనాడు పరీక్షలో ఏమీ కనిపించకపోయినా టైఫాయిడ్ లేదని చెప్పలేము. పూర్వం ఎప్పుడో ఆ జ్వరం వచ్చినవారికి, దానితో సంబంధమున్న ఇతర క్రిములు సోకినవారికి ఇప్పుడు రోగం లేకున్నా ఫలితం ‘ఉన్నది’ అని రావచ్చు. మొదటి వారంలో రక్తం నుంచి క్రిములనే పెంచి చూచే ‘కల్చర్’ పరీక్ష మేలు. కాని ఫలితానికి కొన్ని రోజులు ఆగవలె. యాంటీబయాటిక్ మందులు మొదలుపెట్టకముందే రక్తం తీయవలె.

ఇప్పుడొక చిన్న లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క కోసం ఊహించినవే. జ్వరంతో వచ్చిన 1000 మందిలో 100 మందికి టైఫాయిడ్ ఉన్నదనుకొందాం. ఒక పరీక్ష రోగులలో నూటికి 90 మందిని పట్టుకొంటుంది. రోగం లేనివారిలో నూటికి 10 మందిని పొరపాటున రోగులుగా చూపుతుంది. అప్పుడు 90 మంది నిజమైన రోగులతోపాటు, మిగిలిన 900 మందిలో మరొక 90 మందికీ ‘ఉన్నది’ అనే వస్తుంది. అంటే అలా వచ్చినవారిలో సగం మందికి టైఫాయిడ్ లేదన్నమాట!

వైద్యుడు ముందుగా ప్రశ్నించి, లక్షణాలున్నవారినే ఏరి 1000 మందిని పంపితే, వారిలో 500 మందికి రోగం ఉన్నదనుకొందాం. ఇప్పుడు 450 ఫలితాలు నిజం, 50 పొరపాటు. నూటికి 90 పాళ్లు నమ్మవచ్చు. పరీక్ష మారలేదు, దాని విలువ పెరిగింది.

ఇది లెక్కతో పోయేది కాదు. మలేరియా రోగిని టైఫాయిడ్ రోగిగా భావించి చికిత్స చేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. అనవసరంగా యాంటీబయాటిక్‌లు వాడితే క్రిములు ఆ మందులకు లొంగకుండా పోతాయి.

ఇంకొక విషయం. ప్రయోగశాల కాగితంపై ఉండే ‘సామాన్య పరిమితుల’ను సాధారణంగా ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది ఇమిడేటట్లు నిర్ణయిస్తారు. అంటే 20 మంది ఆరోగ్యవంతులలో ఒకరి అంకె ఆ హద్దు దాటుతుంది. కారణం లేకుండా ఒకేసారి ఇరవై పరీక్షలు చేయిస్తే ఏదో ఒకటి హద్దు దాటడం వింత కాదు.

అందుచేత మంచి వైద్యుడు పరీక్ష వ్రాసేముందు తనను తాను ఒక ప్రశ్న వేసుకొంటాడు: “ఈ ఫలితం వల్ల నా చికిత్స మారుతుందా?” మారనప్పుడు ఆ పరీక్ష అక్కరలేదు. రోగి కూడా తన జ్వరం ఎన్నవ రోజో, అప్పటికే ఏయే మందులు మింగాడో దాచకుండా చెప్పవలె. ప్రయోగశాల ఇచ్చిన అంకెకు అర్థం చెప్పడానికి ఆ వివరాలే ఆధారం.