గిటారు పెడలులో వాల్వు

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగు, పులివెందులలో గానీ పెళ్ళికో తిరునాళ్ళకో ఆర్కెస్ట్రా పెట్టారంటే, గిటారు వాయించే కుర్రాడి కాళ్ళ దగ్గర ఒక్కోసారి చిన్న ఇనప డబ్బా కనిపిస్తుంది. దాన్ని తొక్కితే అంతవరకు మెత్తగా పలికిన తంత్రి ఒక్కసారిగా గరగరమని గర్జిస్తుంది. అదే ఓవర్‌డ్రైవ్ పెడలు. దానిలో వాల్వు పెట్టుకోవచ్చునా, పెడితే లాభమేమి, ప్రమాదమేమి అన్నది మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ గర్జన ఎట్లా పుడుతుందో చూద్దాం. ఆంప్లిఫయరు మోయగలిగిన దానికన్నా పెద్ద సంకేతం ఇస్తే తరంగ శిఖరాలు తెగిపోతాయి. అప్పుడు అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు పౌనఃపున్యం గల అతిస్వరాలు వచ్చి చేరతాయి. 1979 ప్రాంతంలో జపాను నుంచి వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పేరులో ట్యూబు ఉంది గానీ లోపల ట్యూబు లేదు! ఒక 4558 ఐసీ, రెండు సిలికాన్ డయోడులు ఆ పని చేస్తాయి. డయోడు సుమారు 0.6 ఓల్టుల దగ్గర దారి తెరుస్తుంది. అటూ ఇటూ సమానంగా కత్తిరిస్తుంది కనుక బేసి అతిస్వరాలే ఎక్కువ.

వాల్వు తీరు వేరు. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వు చేశాడు. 1906లో డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్డు చేర్చాడు. ట్రయోడు తరంగాన్ని ఒక పక్క ముందుగా, అదీ మెల్లగా వంచుతుంది. అందువల్ల సరి అతిస్వరాలూ కలిసి, ధ్వని నిండుగా తోస్తుంది.

ఇక మార్పు సంగతి. ఇందుకు ఈసీసీ82 వాల్వు అనుకూలం. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడులుంటాయి. 4, 5 కాళ్ళ మధ్య 12.6 ఓల్టులిస్తే హీటరు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 9 ఓల్టుల బ్యాటరీకి ఇది శక్తికి మించిన పని. కాబట్టి రెగ్యులేటరు గల 12 ఓల్టుల డీసీ సప్లయి కావాలి. పెడలులో 10 ఓల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటే మార్చాలి. డయోడులు తీసేసి, ఐసీ లాభం తగ్గించి, ఆ సంకేతాన్ని కెపాసిటరు ద్వారా 2వ కాలు గ్రిడ్డుకు ఇవ్వాలి. గ్రిడ్డు నుంచి గ్రౌండుకు 1 మెగా ఓము, 1వ కాలు ప్లేటుకు సుమారు 100 కిలో ఓములు. 3వ కాలు కాథోడు గ్రౌండుకే. ప్లేటు నుంచి వచ్చేది సున్నితమైన సంకేతం. నేరుగా టోను భాగానికి కలిపితే పలచబడిపోతుంది. కనుక మధ్యలో మళ్ళీ ఒక కెపాసిటరు, ఒక ఎఫ్ఈటీ బఫరు పెట్టాలి.

ఈ వాల్వుకు మామూలుగా 100 నుంచి 250 ఓల్టుల ప్లేటు సప్లయి కావాలి. 12 ఓల్టులతో అది ఆకలితో పనిచేసినట్లే. కాబట్టి త్వరగా వంగుతుంది. మనకు కావలసింది అదే గదా! అయితే పెద్ద వాల్వు ఆంప్లిఫయరు ధ్వని అచ్చంగా దీన్నుంచి వస్తుందని ఆశపడకూడదు.

అసలు హెచ్చరిక ఇక్కడుంది. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైనప్పుడు మన ఊళ్ళలో వాల్వు రేడియోలు వాడుకలో ఉండేవి. వాటిలో కొన్ని ఇంకా అటకల మీద ఉన్నాయి. "దాంట్లో వాల్వులున్నాయి గదా, గిటారు తగిలిస్తే పోలా" అని ఎవరికైనా అనిపించవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ రకం రేడియోలలో ఛాసిస్ నేరుగా కరెంటు లైనుకే అంటుకుని ఉంటుంది. గిటారు తీగలు గ్రౌండుకు కలిసి ఉంటాయి. ప్లగ్గు తిరగబడితే 230 ఓల్టులు వేళ్ళ మీదికే వస్తాయి. స్విచ్చి ఆపినా కెపాసిటరులో చార్జి నిలిచి ఉంటుంది. పైగా అందులోని ఈసీహెచ్81, యూసీహెచ్81 లాంటివి ఈ పనికి తగినవీ కావు.

కనుక 12 ఓల్టుల దారే పట్టండి. మొదలుపెట్టే ముందు మీ వీధిలోని పాత రేడియో మెకానిక్కు దగ్గర ఒక పూట కూర్చోండి. ఏ కాలు ఏదో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో ఆయనకు తెలుసు. ఆ విద్య పుస్తకం కన్నా ఎక్కువగా ఆయన చేతిలో ఉంది. ఆయన ఉన్నప్పుడే మనం అడిగి నేర్చుకోవాలి.